జరసేపాగి రాపో!

మా అవ్వ జములమ్మ ఈ ఎనభై ఏళ్లలో ఏ మనిషినీ మొదటిసారికే ఇంట్లోకి రానివ్వలేదు. గడప ముందు ఎవరు నిలబడ్డా ముందు మొహం చూస్తుంది, తర్వాత వాళ్ల వెనకాల ఎంతమంది ఉన్నారో చూస్తుంది. ఆ తర్వాత ఒకటే మాట. "జరసేపాగి రాపో." తలుపు మూసేస్తుంది.

తెలకపల్లిలో ఈ మాట పడనివాళ్లు లేరు. గ్యాస్ బండ భుజాన మోస్తున్నవాడికీ అదే మాట, జనాభా లెక్కల పంతులుకూ అదే మాట. బడి నుంచి వచ్చిన నాకూ అదే. నా చదువంతా గడప ముందున్న రాతిబండ మీదే సాగింది. సగంలో ఆగిందంటే తప్పు నాది కాదు, ఆ బండది.

పెండ్లిచూపులకు వచ్చిన మా తాత చెన్నయ్యను కూడా అలాగే నిలబెట్టిందట.

"మరి నువ్వేం చేసినవ్ తాతా?"

"ఏం చేస్త? బస్టాండు కాడ నాలుగు చాయలు తాగి మల్ల పోయిన. నాకంటె ముందల ఇద్దరొచ్చిండ్రంట. తెలివిగలోళ్లు, మల్ల రాలే."

"అందుకే నిన్ను చేసుకున్న!" లోపలి నుంచి అవ్వ.

ఒక ఎన్నికలప్పుడు ఒకాయన డప్పులతో, ఇరవైమంది మనుషులతో వచ్చి గడప ముందు వంగి దండం పెట్టాడు. "అమ్మా, నీ ఓటు..." అన్నాడో లేదో, "జరసేపాగి రాపో." డప్పులు ఆగిపోయాయి. ఆయన మళ్లీ రాలేదు. గెలిచాక కూడా రాలేదు. "సూసినవా, ఆయనకు మనతోని పనిలేదు," అంది అవ్వ. ఆ తర్వాత మూడు రోజులు తాత ఎందుకోగానీ ఎండిపోయిన రొట్టెలు నములుతూ ఓట్లు కనిపెట్టినవాణ్ని తిట్టాడు.

ఇంకోసారి బైకు మీద పల్లి విత్తనాలవాడు వచ్చాడు. "సగం ధరకే ఇస్తున్న అవ్వా, మల్ల దొరకయ్, ఇప్పుడే తీస్కో!" అవ్వ మాట అవ్వ అనేసింది. వాడు ఆగలేదు, పక్క వాడకట్టుకు పోయి సంచులన్నీ అమ్ముకున్నాడు. ఆ ఏడు ఆ వాడకట్టులో ఒక్క గింజ మొలవలేదు.

"పది ఊర్లు తిరిగేటోడు ఒక్క గడప కాడ ఆగుతడానే? పనున్నోడే మల్లొస్తడు," అని అవ్వ తీర్పు చెప్పింది.

ఇంటర్ లెక్కల్లో నేను మూడుసార్లు తప్పాక, నాగర్‌కర్నూల్‌లోని దుందుభి నెట్ అనే చిన్న ఇంటర్నెట్ ఆఫీసులో కంప్లైంట్లు రాసుకునే పని దొరికింది. ఫ్యాను కింద కుర్చీ. మా వంశంలో నీడపట్టున కూచొని జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే.

బిజినేపల్లి నుంచి కల్వకుర్తి దాకా దుకాణాలకూ బడులకూ మేమే మెయిల్ ఇచ్చాం. నిరుడు వానాకాలంలో ఆ మెయిళ్లన్నీ చెత్తతో నిండిపోయాయి. కొనని టికెట్టుకు లాటరీ, బట్టతలకు నూనె, ఏదో దేశంలో చచ్చిపోయిన రాజుగారి బంగారం. ఎరువుల దుకాణం యాదయ్య రోజూ ఫోను చేసేవాడు.

"ఏం పిల్లా, యూరియా బిల్లు కోసం తెరిస్తే పొద్దుగాల్ల నుంచి రెండువందల లాటరీలు. నేను దుకాణం నడుపుకోవాల్నా, రాజుగారి బంగారం మొయ్యాల్నా?"

మా ఓనరు ఇమ్మానుయేల్ సార్ 'ఉచితం' అన్న మాటున్న మెయిళ్లన్నీ ఆపించాడు. బడిపిల్లల ఉచిత పుస్తకాల మెయిల్ ఆగిపోయింది. 'లోన్' అన్న మాట ఆపించాడు. బ్యాంకు మేనేజరే ఆఫీసుకు నడిచొచ్చాడు. పంపేవాళ్ల చిరునామాలు మూసేస్తే ఒకటి మూసినచోట పది మొలిచాయి. ఆ పల్లి విత్తనాలు ఇలా మొలిచి ఉంటే ఎంత బాగుండేదో!

"శనివారం దాక సూస్త, కావ్యా," అన్నాడు సార్. "గిట్లనే ఉంటే మెయిల్ బంద్. మెయిల్ లేకుంటే కంప్లైంట్లు లేవు. కంప్లైంట్లు లేకుంటే..." అని నా కుర్చీ వైపు చూశాడు.

ఆ సాయంత్రం ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను.

"జరసేపాగి రాపో."

"అవ్వా, నా నౌకరి పోతున్నదే!"

"పోతే పోనీ, జరసేపాగి రాపో."

బండ మీద కూచున్నాను. లాటరీలవాడు గుర్తొచ్చాడు, బైకువాడు గుర్తొచ్చాడు. లక్ష గడపలు తిరిగేవాడు మా ఒక్క గడప దగ్గర ఆగుతాడా? లేచి సార్‌కు ఫోను చేశాను.

"సార్, కొత్తోడు ఎవ్వడొచ్చినా మొదటిసారి ఎనక్కి పంపుదాం. జరసేపాగి రమ్మందాం."

సార్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "గిది ఉన్న పద్ధతే కదనే! పెద్ద పెద్ద కంపెనీలోళ్లే వాడిండ్రు. నీకెవరు చెప్పిండ్రు?"

"మా అవ్వ."

శుక్రవారం ఆఫీసువాళ్లు మెయిల్ నడిపే మా మిషన్‌కు అవ్వ బుద్ధి నేర్పారు. తెలియని చోటు నుంచి మెయిల్ వస్తే 'ఇప్పుడు కుదరదు, కాసేపాగి పంపండి' అని తిప్పి పంపుతుంది. సక్రమంగా నడిచే మెయిల్ మిషను పావుగంటకో అరగంటకో దానంతటదే మళ్లీ పంపుతుంది. చెత్త పంపే మిషన్లలో ఎక్కువవాటికి అంత ఓపికుండదు, ఇంకో గడపకు పోతాయి. ఒకసారి తిరిగొచ్చినవాళ్లకు ఆ తర్వాత అడ్డులేదు. నన్ను రోజూ ఆపే అవ్వకంటే మా మిషనే నయమనుకున్నాను.

శనివారం పొద్దున యాదయ్య ఫోను. "పిల్లా, ఇయ్యాల లాటరీలు రెండే తగిలినయ్. నా లక్కు పోయిందా ఏంది?"

కుర్చీ నిలిచింది. ఆదివారం ప్రార్థన అయ్యాక సార్ మిఠాయి డబ్బాతో అవ్వను చూడటానికి తెలకపల్లి వచ్చాడు. ఎప్పుడూ బండ మీదుండే నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

"అమ్మా, దండాలు. నేను కావ్య వాళ్ల..."

"జరసేపాగి రాపో."

"అబ్బ! మన సిస్టం పనిచేస్తున్నది!" అని సార్ సంతోషంగా బజారు వైపు నడిచాడు.

తలుపు మూసిందో లేదో, అవ్వకు ఇరవై ఏళ్లు వచ్చేశాయి. కొంగు బిగించింది, పొయ్యి ముట్టించింది, గిన్నె పట్టుకొని వెనక దర్వాజ నుంచి పక్కింటి లక్ష్మీదేవమ్మ దగ్గరికి ఉరికింది. గుడ్లు తెచ్చింది. జొన్నపిండి కలిపి టపటపా రొట్టెలు కొట్టసాగింది.

"ఏందవ్వా ఇది?"

"మనిషొస్తే ఒట్టిగ పంపుతమా? కరువు దినాలల్ల ఇంట్ల పిరికెడు పిండి ఉండకపోయేది. లేదంటే వచ్చినోని మొఖం చిన్నగైతది. జరసేపాగి రమ్మంటే గంతట్ల ఎవలింట్లనన్న అడుక్కొచ్చి చేసేదాన్ని. గదే అలవాటైంది."

"మరి పనున్నోడే మల్లొస్తడంటివి?"

"ఇంట్ల పిండి లేదని ఊరంత చెప్పుకుంటమా? గట్ల చెప్పిన."

"అయితే ఆ ఓట్లాయనకు...?"

"యాభై రొట్టెలు చేసిన! డప్పులోళ్లకు సుత. రాకపాయె. మీ తాత నేను మూడు దినాలు గవ్వే తిన్నం."

మూలన కూచున్న తాత పళ్లు తడుముకున్నాడు.

సార్ మళ్లీ వచ్చి నాలుగు రొట్టెలు తిన్నాడు. అయిదోది అవ్వే వేసింది. వేస్తూ అడిగింది: "సారూ, మీ మిషన్ కాడికి మల్లొచ్చినోళ్లకు ఏం పెడుతున్నరు?"

"ఏం పెడతలేమమ్మా."

"థూ! ఏం పెట్టకుండనే మల్ల రమ్మంటున్నరా? ఏం మనుషులు!"

సోమవారం సార్‌ను అడిగి, మా మిషన్ తిప్పి పంపే మాట మార్పించాను. ఇప్పుడు ఎక్కడెక్కడి మిషన్లకో మా నాగర్‌కర్నూల్ నుంచి జవాబు పోతోంది: "జరసేపాగి రండి. రొట్టెలైతున్నయ్."