సీటు కోసం

మునిర్కాలో బస్సెక్కితే కూర్చోడానికి చోటు లేదు. ఢిల్లీలో తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అని, ఫోన్లో మా ఆవిడతో గట్టిగానే అన్నాను: "ఆడాళ్ళకి టికెట్ ఫ్రీ చేశాక మగాళ్ళకి సీటన్నదే దొరకట్లేదు."

ఎదుటి సీట్లో కెమిస్ట్రీ పుస్తకం చదువుతున్న ఆవిడ తలెత్తింది. "నేనూ సీటు కోసమే తిరుగుతున్నా అంకుల్. ఫార్మసీ సీటు. ముందు ఇంటర్ బైపీసీ పాసవ్వాలి. ఇంట్లో ఒకటే గది, ఇద్దరు పిల్లలు. లైబ్రరీకి ఫీజు కట్టలేను. అందుకే ఆదివారం పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి, ఈ ఫ్రీ బస్సులో చదువుకుంటా."

"ఈ వయసులోనా?" అన్నాను.

"మీ వయసువాళ్ళకి మందులివ్వడానికి ఎవరో ఒకరుండాలిగా!"

ఆవిడ సీట్లోంచి లేవలేదు. పేజీ తిప్పింది.

ఇప్పుడు మందుల షాపుకెళ్తే కౌంటర్ వెనక ఎవరున్నారో చూస్తాను. బస్సులో మాత్రం తెలుగులో నోరెత్తను.