మా అమ్మాయి బదులు మా బావగారు చెప్పిన జవాబు

మొన్న ఆదివారం మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, లీడ్స్ నుంచి ఫోన్ చేసి, తన మనవరాలు బేస్‌బాల్ ఆడుతోందనీ, ఏ యూనివర్సిటీలో మంచి కోచ్ ఉన్నాడో మా అమ్మాయినడిగి చెప్పమనీ అన్నారు. ఆటలుంటే అప్లికేషన్‌కు బరువొస్తుందట. ఫోన్ పెట్టేశాక నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లల చదువుల దగ్గర ఇంటి పెద్దల పెత్తనం చూసిన నా ఈడువాళ్లకైనా ఈ మంట చెప్పుకోకపోతే నా మనసు ఊరుకోదు.

మా అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు మేము ఇంగ్లండులోని లీసెస్టర్‌లో ఉండేవాళ్లం. అది అక్కడి పార్కులోని బేస్‌బాల్ క్లబ్బులో పిచర్, అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాగా బంతి విసిరే మనిషి. వరంగల్‌లో పెరిగిన నాకు ఆ ఆట ఓ పట్టాన అర్థమయ్యేది కాదు గాని, బంతి వదిలేటప్పుడు దాని మొహంలో కనిపించే ధీమా కోసం, వాన పడుతున్నా కారులో కూర్చుని చూసేదాన్ని.

కాలేజీ ఎంచుకునే వేళ వస్తే, అది ర్యాంకుల పట్టిక పక్కన పెట్టి, ముందు ప్రాక్టీసు చూస్తానంది. మైదానం నిజంగా బేస్‌బాల్‌దేనా లేక ఫుట్‌బాల్ పిచ్ మీద గీతలు గీశారా, కొత్తవాళ్లకు ఆట దొరుకుతుందా లేక బెంచీ మీద కూర్చోవడమేనా, భుజం నొప్పెడితే చూసే ఫిజియో ఉన్నారా, ల్యాబులకూ ప్రాక్టీసుకూ పొసుగుతుందా, అన్నీ కనుక్కుని గ్లాస్గోలో ఒకటి ఎంచుకుంది. ఫార్మసీ సీటూ వచ్చింది. కోచ్ దాని ఆట చూసి, మొదటి జట్టులో చోటు అట్టే పెడతాను, ఒకసారి వచ్చి మాట్లాడమన్నాడు.

మన ఇళ్లలో ఆడపిల్ల ఒక్కతే వెళ్లి మాట్లాడి రావడమా! దానితో నేను బయల్దేరితే, పెద్దదిక్కుగా బావగారు పులిహోర డబ్బాతో సహా మా కారెక్కారు. చదువు అయ్యేదాకా ఆడతావా అని కోచ్ అడిగితే, అది నోరు తెరిచేలోగా బావగారే హామీ ఇచ్చేశారు: ఆటలన్నీ మొదటి ఏడాదే, తర్వాత పూర్తిగా చదువే అని. ఆ మాటకు కోచ్ సంతోషిస్తాడని ఆయన నమ్మకం. నేను కలగజేసుకుని అది నిజం కాదంటే, తల్లిప్రేమ అని నవ్వి కొట్టిపారేశారు. పెదనాన్న మాటను పరాయివాళ్ల ముందు కాదనలేక ఆ పిల్ల నేల చూస్తూ నిలబడింది. కోచ్ మర్యాదగా తలూపాడు.

"నేను మంచిగ మాట్లాడిన గదమ్మా, ఇగ సీటు పక్కా" అన్నారు బావగారు తిరుగుదారిలో. సీటు ఎప్పుడో వచ్చింది, మహానుభావా! పోయింది జట్టులో చోటు. ఆట మీద మనసున్నవాళ్లు కావాలని కోచ్ దాన్ని ఇంకొకరికి ఇచ్చేశాడు. మా అమ్మాయి "ఇట్స్ ఫైన్, మమ్" అని గది తలుపు వేసుకుంది. ఆటే లేనప్పుడు అంత దూరం ఎందుకని, బావగారు మెచ్చిన పెద్ద పేరున్న చోటే చేరింది. అక్కడ బేస్‌బాల్ జట్టే లేదు.

ఇప్పుడది ఆస్పత్రిలో ఫార్మసిస్టు. రోజులు మారాయి, కాదనను. మనవాళ్లు మడత కుర్చీలు పట్టుకుని ఆడపిల్లల మ్యాచులకు వెళ్తున్నారు, చూస్తే సంతోషమే, కాని ఆ సంతోషంలో నా బిడ్డకు వాటా లేకపోయింది. బావగారు అడిగింది దానికి చెబితే, రెండు మంచి యూనివర్సిటీల పేర్లు చెప్పి, కోచ్‌తో ఆ పిల్లనే మాట్లాడనివ్వమంది. ఆ మాట ఉన్నదున్నట్టు బావగారికి అందించాను.

"గంతేగదమ్మా, పిల్లనే మాట్లాడుతది" అన్నారాయన. గ్లాస్గో ప్రయాణం ఆయనకు గుర్తే లేదు.