ఓడలో కుట్టిన బొంత

2021 వసంతంలో మ్యూనిక్‌లోని ఒక మ్యూజియంలో నేను టెక్స్‌టైల్ కన్జర్వేటర్‌ని. పాత బట్టలు ఇంకా పాడవకుండా కాపాడే ఉద్యోగం అది. అప్పుడు మా ప్రదర్శన కోసం ఆస్ట్రేలియా మ్యూజియం ఒకటి అరువిచ్చిన బొంతను నాకు అప్పగించారు. పందొమ్మిదో శతాబ్దంలో ద్వీపాంతరవాస శిక్ష పడి ఆస్ట్రేలియాకు వెళ్తున్న బ్రిటిష్ ఆడ ఖైదీలు ఓడలో కూర్చుని కుట్టినది. చాలామంది చేసిన నేరం చిల్లర దొంగతనం. దానికే సముద్రాలు దాటించేశారు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరువిచ్చిన మ్యూజియం తరఫు మనిషి వస్తువు వెంట వచ్చి, తన కళ్ళ ముందే పెట్టె తెరిపించడం మా వృత్తిలో ఆచారం. కోవిడ్ వల్ల ఆస్ట్రేలియా నుంచి ఎవరూ కదల్లేని రోజులు. అందుకని వాళ్ళ కన్జర్వేటర్ హెలెన్ వీడియో కాల్‌లో చూస్తుండగా తెరిచాం. సాయానికి నా ట్రైనీ స్వప్న ఉంది, కరీంనగర్ అమ్మాయి. ఈ ప్రదర్శన జరిగితేనే ఆమె కాంట్రాక్టు పొడిగిస్తారు.

మడత విప్పగానే అంచు దగ్గర ఒక పూల గుడ్డ ముక్క ఊడి వేలాడింది. హెలెన్ ముఖం మారిపోయింది. దెబ్బ తగిలిన వస్తువును ప్రదర్శించకుండా తిప్పి పంపాలని ఒప్పందం. పెట్టె మూసేయమంది.

"నేను గట్టిగ గూడ పట్టలే మేడమ్," అంది స్వప్న. "ఇది వాపస్ పోతే నేను గూడ ఇంటికి పోవుడే."

నాకూ ఆమెను పోగొట్టుకోవాలని లేదు. పైకి మాత్రం విసుక్కుంటూ, ముందు ఆ లైటు పట్టుకోమన్నాను.

వెలుగు పక్కవాటుగా పడితే బట్ట మీద ప్రతి సూది రంధ్రమూ కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూశాను. మిగతా ముక్కల చుట్టూ సన్నటి, దగ్గర కుట్టు ఉంది. ఈ ముక్క చుట్టూ అలాంటి రంధ్రాలే లేవు. ఉన్నదల్లా అసలు కుట్టుకు ముందు ముక్క కదలకుండా వేసే కచ్చా కుట్టు, పుచ్చిపోయిన దాని దారం. కెమెరా దగ్గరికి జరిపి చూపించాం. హెలెన్ తెరకు దగ్గరగా వంగి చూసింది. తర్వాత, పని పూర్తయ్యేలోపే ఓడ రేవు చేరి ఉంటుందనీ, మడతలో ఉండటం వల్ల తామెవరూ ఇన్నాళ్ళూ గమనించలేదనీ ఒప్పుకుంది.

అది దెబ్బ కిందికి రాదు కనుక పెట్టె మూయలేదు. ఆ ముక్కను కుట్టేద్దామా అని స్వప్న అడిగితే వద్దన్నాను. అడుగున సన్నటి వల ఆధారంగా పెట్టి, ఊడిన అంచు కనిపించేలాగే ఉంచాం. మ్యూజియం తలుపులు తెరిచాక జనం అక్కడే ఎక్కువసేపు నిలబడేవారు. స్వప్న కాంట్రాక్టు పొడిగించారు. ఆ రోజు తనకన్నా నేనే ఎక్కువ సంతోషపడ్డాను.

ఆ తర్వాత ఎక్కడ ఏది ఊడినా, ఎవరు ఊడగొట్టారని అడిగే ముందు, దాన్ని అసలు ఎవరైనా చివరిదాకా కుట్టారా అని చూడటం నేర్చుకున్నాను.