వదిన ఎంచి పెట్టిన రైఫిల్

వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను అమ్రోలి షూటింగ్ రేంజ్‌లో పిల్లలకు రైఫిల్‌ను భుజానికి ఎలా ఆనించుకోవాలో చూపిస్తున్నాను. "నీ వదిన లేస్తలేదే" అన్నాడు. లేపమన్నాను. "లేపిన. డాక్టర్ గూడ చూసి పోయిండు" అన్నాడు. పొద్దున లేచి పని చేసుకుంటూనే తల నొస్తోందని, జర ఒరుగుతానని చెప్పి మంచం మీద వాలిందట. అంతే. ఆమె జ్వరంతో పడుకోవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. ముందురోజు సాయంత్రమే ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఆదివారం రా, సర్వపిండి చేస్తానంది. ఆ ఆదివారం ఇంకా రాలేదు.

మగ్గాల పని కోసం తాపీ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి వలసొచ్చిన కుటుంబం మాది. అన్న ఖటోదరాలో మరమగ్గాల కార్ఖానాలో మాస్టర్. వదిన సిరిసిల్ల నుంచి పెళ్లై భేస్తాన్‌లోని మా ఇంటికి వచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి. పొట్టిదాన్ని, పుల్లలా ఉండేదాన్ని. బడి తరఫున ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాను. రేంజ్‌లో ఉన్న రైఫిళ్లన్నీ ఎదిగిన మగపిల్లల కొలతకు కొన్నవి. ఎత్తి పట్టుకుంటే గొట్టం ముందుకు వాలిపోయేది. అది వాలకుండా నేను వెనక్కి వంగేదాన్ని. ఇంటికొచ్చాక నడుము నొప్పితో కూర్చోలేకపోయేదాన్ని. చివరికి కోచ్ సార్ జట్టులోంచి తీసేస్తానన్నారు. కోపంతో అనలేదు. నడుము పాడైతే జీవితమంతా బాధేనని, కొంచెం పెరిగాక రమ్మని చెప్పారు.

ఆ రోజు నేను ఏడుస్తుంటే వదిన సంగతి అడిగి తెలుసుకుంది. కాలేజీలో ఎన్‌సీసీలో ఆమె తుపాకీ పట్టిందని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మర్నాడు నాతో రేంజ్‌కి వచ్చింది. కొత్త కోడలు, కొంగు నడుముకు బిగించి, కోచ్ సార్ ముందు నిలబడి తనకొచ్చిన హిందీలో అడిగింది: "ఇస్కీ మా ఇత్నీచ్, దాదీ భీ ఇత్నీచ్. ఔర్ కహాసే బఢేగీ, సార్?" అమ్మా ఇంతే, నాయనమ్మా ఇంతే, ఇంకెక్కణ్నుంచి పెరుగుతుందని. సార్‌కు నవ్వాగలేదు. "అయితే పిల్లను కాదు, రైఫిల్‌ను మార్చాలి" అని ఒక దుకాణం పేరు చెప్పారు.

దుకాణానికి అన్నను కూడా లాక్కొచ్చింది. దుకాణాయన ముందుగా చెక్క పిడి ఉన్న పెద్ద రైఫిల్ బల్ల మీద పెట్టాడు. మెరిసిపోతోంది. బరువుంటే కదలదు, గురి నిలుస్తుందన్నాడు. అన్నకూ నాకూ అదే నచ్చింది. వదిన మాత్రం దాన్ని ఎత్తి పట్టుకోమని నాతో అంది. దించనివ్వలేదు. కాసేపటికి నేను వెనక్కి వంగిపోయాను. చూస్తే ఆమె నా పక్కకొచ్చి నిలబడి ఉంది.

"ఏంది వదినా, తుపాకీని చూస్తలేవు?"

"తుపాకీని చూసెటందుకు మీ అన్న ఉన్నడు. నేను నీ నడుమును చూస్తున్న. దించు, ఇది వద్దు."

రెండోది తేలికే గాని పిడి పొడవు. చెంప ఆనించాలంటే మెడ చాచాల్సివచ్చింది, వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందలేదు. మూడోది అల్యూమినియం పిడిది, ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. చూడ్డానికి ఎముకల గూడులా ఉంది. అన్న మొహం చిట్లించాడు. వదిన ఆ పిడిని పూర్తిగా కుదించి, చెంప ఆనించే పలకను సర్ది, కళ్లు మూసుకుని ఎత్తమంది. "ఇప్పుడు తెరువు" అంది. తెరిచేసరికి గురి చూసే సైట్ నా కంటికి ఎదురుగానే ఉంది. ఎడమ మోచేయి దానంతటదే తుంటి మీద కుదురుకుంది. నేను వెనక్కి వంగలేదు.

"బరువు ఎంతున్నదో గాదు, ఎక్కడున్నదో చూడాలె" అంది అన్నతో. ఆ మాట తర్వాత ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. నీళ్ల క్యానైనా, బియ్యం సంచైనా ముందు ఒంటికి హత్తుకుని, ఆ తర్వాతే లేచేది. "గిట్ల దూరం పట్టుకుంటే నడుము ఇరుగుతది పిల్లా" అని నన్ను కసిరేది.

ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో నాకు పతకమేమీ రాలేదు. చివరి గుండు దాకా నిటారుగా నిలబడ్డాను, అంతే. బయటికొస్తే వదిన స్కోరు అడగలేదు. నా వీపు కింద వేళ్లతో నొక్కి, "నొస్తున్నదా?" అంది. లేదన్నాను. "ఇగ గెల్సినట్టే పో" అంది. పతకాలు ఆ తర్వాత వచ్చాయి. ఆ ఆటే నాకు ఉద్యోగమైంది. ఇప్పుడు ఏ చిన్న పిల్ల రేంజ్‌కి వచ్చినా నేను ముందు పక్కన నిలబడి నడుమే చూస్తాను.

ఆ పొద్దున భేస్తాన్ చేరేసరికి ఇంటినిండా జనం. వదినను చాప మీద పడుకోబెట్టారు. నేను వెళ్లి ఆమె భుజం పట్టుకుని కుదిపాను, నిజంగా లేపడానికే. ఎవరో నా చేయి పట్టి వెనక్కి తీశారు. అన్న గుమ్మం దగ్గర కూర్చుని వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్తున్నాడు: "పొద్దుగాల నాతోని మాట్లాడింది. మంచిగనే మాట్లాడింది."

తాపీ నది ఒడ్డున దహనం అయిపోయి, ఇంటికి తిరిగొచ్చి స్నానాలయ్యాక, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి పక్కన పళ్లెంలో చపాతీ పిండి ముద్ద ఉంది, పొద్దున ఆమె కలిపి పెట్టింది. మీద మూత లేదు. పైపొర ఎండి బీటలు తీసింది. దాని మీద ఆమె వేళ్ల గుర్తులు, లోతుగా, నొక్కినవి నొక్కినట్టే ఉన్నాయి.