గ్లాసు అడుగుకు చేరిన రూపాయి

మొదట నా దేవునికి స్తోత్రం చెల్లించుకుంటున్నాను. ఈ ఉదయం నన్ను లేపి, చేతులకు పనీ పొయ్యి మీదకు గింజలూ ఇచ్చినవాడు ఆయనే. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నేనెంతదాన్ని?

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నదీ, ఇప్పుడు అక్కడే పిల్లలకు నేర్పుతున్నదీ ఒకటే. ప్రభువునందు నిద్రించినవారు విశ్రాంతిలో ఉంటారు. మన వంటగదుల్లోకి వచ్చి తిరగరు. ఆ నమ్మకం సడలి ఇది రాయడం లేదు. అది అలాగే ఉండగా, నా కళ్లతో చూసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రాస్తున్నాను.

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రోడ్డులో, కంకిపాడు దాటాక ఉన్న ఒక రెస్టారెంట్లో నేను స్టోర్ చూస్తాను. సరుకు తెప్పించడం, చూసి దించుకోవడం, వంటవాళ్లకు తూచి ఇవ్వడం నా పని. తాజా చికెన్, చేపలు కంకిపాడులోనే దొరుకుతాయి. పిజ్జాలకు వేసే సాసేజ్‌లు, పిల్లలు అడిగే నగ్గెట్లు, బోన్‌లెస్ ముక్కలు మాత్రం గడ్డకట్టించిన ప్యాకెట్లలో వస్తాయి. ట్యూనా చేప సీలు వేసిన డబ్బాల్లో వస్తుంది.

నాకు ముందు ఆ పని చేసింది మా అన్నయ్య భార్య, దీనమ్మ వదిన. నాకు నేర్పిందీ ఆవిడే. డబ్బా మూత ఉబ్బితే తీసి అవతల పెట్టాలి, అతుకు దగ్గర సొట్ట పడినా అంతే. ఇక డీప్ ఫ్రీజర్ విషయంలో ఆవిడకో పద్ధతి ఉండేది. లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, ఆ ఐసు మీద రూపాయి బిళ్ల పెట్టేది. కరెంటు చాలాసేపు పోతే ఐసు కరిగి బిళ్ల మునుగుతుంది. కరెంటు వచ్చాక అంతా మళ్లీ గడ్డకట్టినా బిళ్ల అడుగునే ఉండిపోతుంది. ప్యాకెట్లు పైకి ఎంత గట్టిగా ఉన్నా, మాంసం ఒకసారి కరిగిందన్న సంగతి దాగదు.

"బిళ్ల మునిగిందంటే ఇంక మాట్లాడేదేం లేదు సువార్తా. ఆ మాంసం పొయ్యెక్కకూడదు" అనేది.

కిందటేడు వదిన ప్రభువునందు నిద్రించింది. ఆ గ్లాసు ఆవిడ చేత్తో పెట్టిందే. నేను మార్చలేదు.

మా సంఘంలో ఒక అమ్మాయికి పెళ్లి నిశ్చయమై ప్రధానం పెట్టుకున్నారు. భోజనాలు మా రెస్టారెంట్ హాల్లోనే, శనివారం మధ్యాహ్నం. పిల్లలకు నగ్గెట్లు, పెద్దవాళ్లకు బోన్‌లెస్ వేపుడు చెప్పారు. సరుకు శుక్రవారం వచ్చింది. ప్రతి ప్యాకెట్ నొక్కి చూశాను. రాయిలా ఉంది. తేదీలు సరిగ్గా ఉన్నాయి. ఫ్రీజర్లో ఖాళీగా ఉన్న సగంలో సర్ది తాళం వేశాను. ఆ వేళ గ్లాసులో ఐసు మీద బిళ్ల తడి లేకుండా పొడిగా ఉండటం చూశాను. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. రెండో చెవి యజమాని బాషా గారి ఇంట్లో ఉంటుంది. అది బీరువాలోంచి బయటికి రాలేదని తర్వాత ఆయనే చెప్పారు.

శనివారం పొద్దున్న ఫ్రీజర్ తెరిచే ముందు, రోజూ చేసినట్టే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. మూత ఎత్తాను. రూపాయి గ్లాసు అడుగున ఉంది. పైన ఐసు పగులు లేకుండా, నున్నగా ఉంది.

రాత్రి కరెంటు పోయిందనుకున్నాను. పోలేదనీ, జనరేటర్ వేసే పనే పడలేదనీ వాచ్‌మన్ చెప్పాడు. గ్లాసు పక్కనే పచ్చి బఠాణీల సంచి ఉంది. కరిగి గడ్డకట్టి ఉంటే బఠాణీలు ఒకే ముద్దగా ఉండాలి. ఊపితే దేనికది విడిగా కదిలింది. ఐస్‌క్రీమ్ అట్టపెట్టెల అంచులు కూడా చెదరలేదు.

మా వంట మాస్టర్ శ్రీనుది మంగళగిరి. పొయ్యిలు వెలిగించుకుని నా కోసం చూస్తున్నాడు.

"ఏందక్కా ఇది, బఠాణీలు గలగలమంటన్నాయి, ఐస్‌క్రీమ్ ఇటుకల్లే ఉంది. ఒక్క గ్లాసే కరిగిందంటే ఎవురు నమ్ముతారు? మీ వదినగారొచ్చి ముంచిపోయిందా?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు.

అతని మాటలో తప్పేమీ లేదు. లెక్క ప్రకారం మాంసం బాగున్నట్టే. కాదంటే ఆడపిల్ల వాళ్లు వియ్యాలవారి ముందు చిన్నబోతారు, నా ఉద్యోగానికీ మాట వస్తుంది. వండనిస్తే, తినబోయేది ఆదివారం నా ముందు కూర్చునే పిల్లలు. ఒక్కొక్కరి పేరూ నాకు తెలుసు.

బాషా గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నీకు మనసొప్పకపోతే వద్దులేమ్మా. కానీ పంక్తిలో కూర లేదనే మాట మాత్రం నా చెవిన పడకూడదు" అన్నారు.

కంకిపాడు నుంచి అప్పటికప్పుడు తాజా కోళ్లు కొట్టించి తెప్పించాం. శ్రీను విసుక్కుంటూనే ముక్కలు కొట్టించి వేపుడు చేశాడు. పిల్లలకు ట్యూనా డబ్బాలు తీసి కట్లెట్లు వేశాడు. భోజనాలు బాగానే జరిగాయి. నగ్గెట్లు ఏవని అమ్మాయి తల్లి రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత మా వైపు చూడనైనా లేదు.

సోమవారం సరుకు వెనక్కి తీసుకెళ్లడానికి సరఫరాదారు వ్యాన్ డ్రైవర్ వచ్చాడు. అతని ముందే శ్రీను ఒక ప్యాకెట్ కరిగించి కత్తిరించాడు. ఆ వాసనకు ముగ్గురం గుమ్మం అవతలికి వచ్చేశాం. డ్రైవర్ తల దించుకుని అసలు సంగతి చెప్పాడు. మా దగ్గరికి తెచ్చే ముందురోజు ఉయ్యూరు దగ్గర వ్యాన్ ఆగిపోయిందట. మధ్యాహ్నమంతా ఎండలో, కూలింగ్ లేకుండా నిలబడిందట. సరుకు గోడౌన్‌కు తీసుకెళ్లి మళ్లీ గడ్డకట్టించి మాకు పంపారు.

నేను ఆగిపోయేది ఇక్కడే. మాంసం కరిగింది ఉయ్యూరు రోడ్డు మీద. గ్లాసు మాత్రం మా ఫ్రీజర్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు.

తెలుసుకోవాలన్న తపనతో ఆ తర్వాత నాకు తోచినవన్నీ చేసి చూశాను. ఇంకో గ్లాసు పెట్టి, దాన్ని ఆనించి వెచ్చటి ప్యాకెట్ ఉంచాను. ఐసు పైన కాస్త తడి అయింది, బిళ్ల కదల్లేదు. బిళ్ల బరువుకే దిగుతుందేమోనని వారాల తరబడి వదిలేశాను. దిగలేదు. ఫ్రీజర్ బాగుచేసే ఆయన్ను పిలిస్తే, అంతా చూసి యంత్రంలో లోపమేమీ లేదన్నాడు.

మా పాస్టర్ గారికి చెప్పాను. "బైబిల్లో గాడిద చేత మాట్లాడించిన దేవుడమ్మా, గ్లాసు చేత చెప్పించలేడా?" అన్నారు. ఆమేన్ అన్నాను. కాపాడింది దేవుడే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆయనకు మార్గాలు ఎన్నో ఉండగా, వదిన గ్లాసునే ఎందుకు ఎంచుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఫ్రీజర్లో రెండు గ్లాసులున్నాయి. ఒకటి నేను పెట్టింది, అందులో బిళ్ల ఐసు పైనే ఉంది. రెండోది వదినది. ఇంక పనికిరాదు కదా, పారబొయ్యమంటాడు శ్రీను. నేను కరగనివ్వలేదు. పొద్దున్నే మూత ఎత్తినప్పుడు ఒక్కోసారి "వదినా, నువ్వేనా?" అని నాలుకదాకా వస్తుంది. వాక్యం ఎరిగినదాన్ని, ఆ మాట అనకూడదని తెలుసు. మూత మూసి, దేవునికే స్తోత్రం చెప్పి పనిలో పడతాను.

ఇది చదివినవారు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఆ బల్ల దగ్గర కూర్చున్న పిల్లలను కాపాడినందుకు దేవుణ్ణి స్తుతించండి. ఆ ప్రశ్న నిద్రించినవారిని కాక, ఆయననే అడిగే మనసు నాకివ్వమని వేడుకోండి. ఆమేన్.