తెగిన పోగుల లెక్క

గన్నవరం వెళ్లే సిటీ బస్సు ఇంకా వన్‌టౌన్ దాటలేదు. ఒకాయన ఎక్కి, నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయిని జుట్టు పట్టి లాగి చెంప పగలగొట్టాడు.

“ముట్టయ్యి మగ్గం ఎక్కుతావే? పోగులు తెగి కొంప మునగాలనా?”

ఆమె చేతిలోని నోటుబుక్కు వదల్లేదు. అతను ఆమె కుడి చూపుడు వేలు వెనక్కి విరిచాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది. కండక్టరు అతన్ని కిందికి నెట్టాడు. నేను లేవనే లేదు.

“మా బాబాయండీ,” అందామె.

డిగ్రీ ఆనర్స్‌లో స్టాటిస్టిక్స్, సోషియాలజీ కలిపి ప్రాజెక్టు చేస్తోందట. ముట్టు రోజుల్లోనూ మామూలు రోజుల్లోనూ తానే నేసి, తెగిన పోగులు లెక్కపెట్టింది. ఆసుపత్రికి వెళదామన్నాను.

“ఇది కాలేజీలో ఇచ్చాక వెళ్తానండీ. ఇవాళే ఆఖరు రోజు. నిన్నటి లెక్క కాస్త రాసిపెడతారా? ముట్టు రోజు. తెగినవి తొమ్మిది.”

“మామూలు రోజుల్లో?”

“ఆరేడండీ.”

“తొమ్మిదంటే మీ బాబాయే గెలిచానంటాడమ్మా. ఆరని రాయనా?”

ఆమె వాచిన వేలిని ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

“తొమ్మిదేనండీ. లెక్కపెట్టింది నేను.”

నలభై ఏళ్లుగా హేతువాదం మీద ఉపన్యాసాలిస్తున్నవాణ్ని, తలవంచుకుని తొమ్మిదని రాశాను.