అన్న నల్లబట్టలు కుట్టించుకున్నాడు

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, హెవీ మెటల్ అభిమానులందరూ ఒక్క షేర్ ఆటోలో పడతారు. డ్రైవరు కూడా అభిమానే అయితే ఇంకొకరికి జాగా మిగులుతుంది. హెవీ మెటల్ అంటే ఇనుప సామాను వ్యాపారం అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. అది పాట. గిటార్లు రంపాల్లా కోస్తుంటే, డ్రమ్ములు వడగళ్లలా పడుతుంటే, వాటన్నిటినీ మించి ఒక మనిషి గర్జించే పాట. బస్టాండు పక్కన నా జిరాక్స్ సెంటర్లో ఆ పాట పెడితే, ఒకటి తీయమన్న కాగితం మిషను భయపడి రెండు తీసేది.

మా వాట్సప్ గ్రూపులో చర్చ ఎప్పుడూ ఒకటే. ఆ పాట పాడే మా అన్న మళ్లీ టూర్‌కు వస్తాడా, రాడా.

అన్న సొంతూరు అచ్చంపేట దగ్గరి పల్లె. నల్లమల అంచున వాళ్లకు పల్లికాయ చేను ఉంది. చిన్నతనంలో మంచె మీద కూర్చుని అడవిపందులను అదిలించడమే ఆయన చేసిన సంగీత సాధన. వేరేవాళ్లు అరిస్తే పందులు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ తవ్వుకునేవట. ఈయన కడుపులోంచి ఒక్క గర్జన తీస్తే అమ్రాబాద్ దాకా ఉరికి, పులుల దగ్గరే నయమని అక్కడ తలదాచుకునేవట. నేను నమ్ముతాను. ఆ గొంతుతోనే పట్నం పోయి, జుట్టు నడుము దాకా పెంచి, ఒక బ్యాండులో చేరి, దక్షిణాదిన ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలన్నీ తిరిగి పాడాడు. మొదటి పాటకు ప్రిన్సిపాల్ ముందు వరుస నుంచి వెనక వరుసకు, రెండో పాటకు ఇంటికి, మూడో పాటకు దీర్ఘకాలిక సెలవు మీదికి వెళ్లిపోయేవాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక స్టేజీ మీద పాట మధ్యలో ఆ గొంతు తెగింది. దవాఖానలో గొంతులో కాయ ఉందని ఆపరేషన్ చేశారు. మాట వచ్చింది. పాట సంగతి డాక్టరు చెప్పలేదు, అన్న అడగలేదు. అచ్చంపేటకు తిరిగి వచ్చి బోరు మోటర్ల వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. మాట్లాడినా దీపం ఆరిపోతుందేమో అన్నట్టు మెల్లగా మాట్లాడేవాడు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"అన్నా, ఎవ్వరు లేనప్పుడన్న ఒక్కసారి పాడి చూడరాదే."

రాగితీగ చుట్టడం ఆపలేదు. "పాడి చూస్తె పోయిందని తెల్సిపోతదిరా. ఇప్పుడైతే ఉన్నదో పోయిందో నాకే తెల్వదు. గట్లనే ఉండనీ" అన్నాడు.

ఈ మాట గ్రూపులో పెడితే మావాళ్లు "ఉన్నదో" వరకే చదివారు.

మబ్బు చూసి వాన చెప్పే జిల్లా మాది. చెప్పిన ప్రతిసారీ తప్పినా మళ్లీ చెప్పడానికి ఏమాత్రం సిగ్గుపడం. అన్న మీద కూడా అదే విద్య ప్రయోగించాం. కిరాణంలో మిరియాలు కొన్నాడంటే గొంతు సాధన మొదలైందన్నాం. షాద్‌నగర్ బస్సెక్కాడంటే స్టూడియోకన్నాం. రాగితీగ కొనుక్కుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. గ్రూపులో ఒక్కడే మా మాటలకు అడ్డు తగిలేవాడు, నల్గొండ దగ్గర మగ్గం నేసే మిత్రుడు. మెటల్ వింటూ మగ్గం తొక్కి తొక్కి, ఆయన చీర నేస్తుంటే పక్కింటి గోడ గడియారం ముందుకు నడిచేది. "మిరియాలు చారుల గూడ ఏస్తరే" అని రాసి మా ఆశల మీద నీళ్లు పోసేవాడు.

అట్లా ఉండగా ఒక కార్తీకమాసంలో మా టైలర్ భాయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. మహబూబ్‌నగర్‌లో వాళ్లది మూడు తరాల కుట్టుపని. బ్యాండు రోజుల్లో అన్న స్టేజీ బట్టలన్నీ కుట్టింది ఆయనే. మెసేజ్‌లో గుసగుసలాడుతున్నాడు. "అన్న వచ్చి పోయిండు. నల్లబట్ట తెచ్చిండు. నాలుగు జతలు."

జిరాక్స్ మిషను ఆపకుండానే పరిగెత్తాను. ఆనాడు ఎవరిదో భూమి పాసుబుక్కు ఊరందరికీ సరిపడా కాపీలు అయింది.

"కొలతలు తీసుకున్నవా భాయ్?"

"తీసుకోక? నడుము జర పెరిగింది. ఛాతి మాత్రం గట్లనే ఉన్నది."

"ఛాతి గట్లనే ఉంటె గొంతు ఏడికి పోతది? ఇంకేమన్నడు?"

"సోమారం మొదలు పెడుతున్న, జల్ది గావాలె అన్నడు. బస్సు మాట్లాడినం, తమిళనాడు మీదికెళ్లి కేరళ దాక పోతం అన్నడు. గడ్డం చేసుకోవా అన్నా అంటె, అంతా అయ్యేదాక కత్తెర ముట్టను అన్నడు."

నల్లబట్టలు. గడ్డం. బస్సు. దక్షిణాది. ఇంత స్పష్టమైన మబ్బు పాలమూరు ఆకాశంలో నేను పుట్టి ఎన్నడూ పట్టలేదు. గ్రూపులో వార్త పడగానే నల్గొండ మిత్రుడి మగ్గం ఆగింది. ఆ వీధిలో మగ్గం ఆగడమంటే ఎవరో పోయారని అర్థమట, ఇరుగుపొరుగు పలకరించడానికి వచ్చేశారు. వాళ్లను పంపించి, ఆ అనుమానాల మనిషే రాశాడు: "ఒక జత నల్లది సావుకు. రెండు జతలు ఫ్యాషన్‌కు. నాలుగు జతలు టూర్‌కే. గడ్డం సుత ఉన్నదంటే ఇగ ఖాయం."

సోమవారం నేను, భాయ్, నల్గొండ మిత్రుడు ముగ్గురం అచ్చంపేట చేరాం. ఎమ్మెల్యే గెలిచినప్పుడు వేసే సైజు బంతిపూల దండ తెచ్చాం. బస్సులో దానికి విడిగా సీటు ఇవ్వాల్సి వచ్చింది. అన్న ఇంటి ముందు దండ విప్పి, ముగ్గురం మూడుచోట్ల పట్టుకుని, ఊరేగింపుగా లోపలికి అడుగు పెట్టబోయాం.

"చెప్పులు అవుతల ఇడువుండ్రి తమ్మీ. స్వామి పూజల ఉన్నడు" అంది వదిన.

లోపల అన్న ఉన్నాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, నుదుట గంధం, మెడలో తులసిమాల, కాళ్లకు చెప్పుల్లేవు. అయ్యప్ప పటం ముందు కూర్చుని దీపం వత్తి సరిచేస్తున్నాడు. మేం దండను పట్టుకున్నచోటే నిలబడిపోయాం.

"దండ మస్తుగున్నది, పటానికి ఏస్త ఇటియ్యుండ్రి" అని వదిన తీసుకుపోయింది.

"ఏం గిట్లొచ్చిండ్రు స్వామీ?" అన్నాడు అన్న, టైలర్ భాయ్‌ని చూసి.

"నేను స్వామి ఏంది అన్నా?"

"మాల ఏసుకున్నంక నాకు అందరు స్వాములే."

"మరి బస్సు?" అన్నాడు నల్గొండ మిత్రుడు, ఆఖరి ఆశతో.

"శబరిమలకు స్వామీ. ఆపరేషన్ అప్పుడు మీ వదిన మొక్కింది, మనిషి దక్కితె కొండకు పంపుత అని. ఇన్నేండ్లకు కుదిరింది."

నల్గొండ మిత్రుడు భాయ్ వైపు తిరిగాడు. "నాలుగు జతలు టూర్ అన్నవు గదనే."

"నేను జతలే చెప్పిన. టూర్ నువ్వు కలిపినవు" అని, భాయ్ అన్న దగ్గరికి జరిగాడు. "కొండకు పోయే తొవ్వల మా మసీదు సుత ఉంటదంట గద అన్నా, ఆడ ఆగి పోతరంట. నా సలాం చెప్పు."

"తప్పకుంట చెప్త స్వామీ."

ఆ సాయంత్రానికి గ్రూపులోంచి సగం మంది వెళ్లిపోయారు. మిగిలిన అభిమానులకు ఆటో అక్కర్లేదు, లూనా చాలు. మేము మాత్రం అన్న పిలిచిన పడిపూజకు వెళ్లాం. పూజ తర్వాత పెట్టే పులిహోర గురించి అచ్చంపేటలో కథలుగా చెప్పుకుంటారు, నిరాశలో ఉన్నవాడికి పులిహోర కూడా ఒక కారణమే.

స్వాములందరికీ పెద్దయిన గురుస్వామి ఇంటి వాకిట్లో దీపాలు పెట్టే వేళ. అరటి బోదెలతో మెట్లు కట్టి, మెట్టుమెట్టుకూ కర్పూరం పెట్టారు. పడిపూజలో శరణుఘోష ఉంటుంది. ఒకరు గొంతెత్తి పిలవాలి, మిగతా అందరూ "స్వామియే శరణం అయ్యప్ప" అని బదులివ్వాలి. ఎన్నో ఏళ్లుగా పిలిచేది గురుస్వామే. కానీ చన్నీళ్ల స్నానాలతో ఆయనకు పడిశం పట్టి గొంతు పూర్తిగా మూసుకుపోయింది. మిగిలినవాళ్లంతా మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వాములు. దక్షిణాది కాలేజీలన్నిటినీ వణికించిన మా అన్న కూడా ఇక్కడ కన్నెస్వామే, కొబ్బరికాయలు అందించే పనిలో ఉన్నాడు.

గురుస్వామి చూపు వాకిలంతా తిరిగి అన్న మీద ఆగింది. "స్వామీ, నువ్వు అందుకో" అన్నాడు, గొంతులోంచి గాలి మాత్రమే వస్తుండగా.

అన్న తల అడ్డంగా ఊపాడు. హారతి పళ్లెం పట్టుకున్న వదిన నేల వైపు చూసింది. ఎన్నేళ్లుగానో మేం ఆశపడ్డ ఘడియ ఎదురుగా వచ్చి నిలబడితే నేను భాయ్ వెనక్కి జరిగాను. నల్గొండ మిత్రుడు నా చెవిలో అన్నాడు: "వద్దని చెప్పురా. ఇంతమంది ముంగట రాకపోతే ఇగ మాట గూడ బంజేస్తడు."

నేను లేవబోయేలోపు అన్న లేచాడు. చేతిలోని కొబ్బరికాయ పక్కవాడికి ఇచ్చి, మైకును దూరంగా జరిపాడు.

మొదటి పిలుపు పగిలిన కుండలా వచ్చింది. స్వాములు మర్యాదకు బదులిచ్చారు. రెండోది సగంలోనే దగ్గుగా మారింది. అన్న కళ్లు మూసుకుని, రెండు కాళ్లు ఎడంగా పెట్టి, అరచెయ్యి కడుపు మీద ఆనించి ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరికి ముందు వరుస కర్పూరం మంటలు ఆయన వైపు వంగాయని నా అభిప్రాయం.

మూడో పిలుపు భూమిలోంచి వచ్చింది. బోరు వేస్తుంటే లోపలి బండ పగిలి నీళ్లు ఎగజిమ్మినట్టు వచ్చింది. పెంకులు కదిలాయి. వేపచెట్టు మీది కాకులన్నీ లేచి, ఆ రాత్రికి వేరే మండలం చూసుకున్నాయి. పులిహోర బేసిన్‌లో మెతుకు మెతుకు విడివిడిగా లేచి నిలబడింది. ఆ తర్వాత వాకిట్లోని స్వాములే కాదు, గోడవతల పోయేవాళ్లు, ఎదురింటి డాబా మీద బట్టలు తీస్తున్నవాళ్లు, అందరూ ఒక్క గొంతుతో బదులిచ్చారు. టైలర్ భాయ్ కూడా. అన్న కళ్లు తెరిచి మళ్లీ పిలిచాడు. మళ్లీ. శరణుఘోష పూర్తయ్యేదాకా ఆపలేదు. గురుస్వామి గంట కొట్టడం మరిచిపోయాడు.

వదిన ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పళ్లెంలో కర్పూరం వెలిగించి, పక్కనున్నామెతో నిదానంగా అంది: "ఇగ మోటర్ల దుకాణంల ఎవలు కూసుంటరో ఏమో."

కొండకు పోయి వచ్చి, మాల తీసిన వారానికి అన్న మహబూబ్‌నగర్ వచ్చి భాయ్ దుకాణంలో మళ్లీ నల్లబట్ట పరిచాడు.

"మొన్ననే నాలుగు జతలు కుట్టిన గదన్నా?" అన్నాడు భాయ్, తెలిసి కూడా.

"అవి స్వామివి. ఇవి నాయి. టూర్ ఉన్నది" అన్నాడు అన్న. ఈసారి టూర్ అన్న మాట మేం కలపలేదు.

అచ్చంపేట, నల్గొండ, షాద్‌నగర్, మహబూబ్‌నగర్. పోస్టర్ నేనే కొట్టాను. ఊర్ల పేర్లు అంత పెద్దగా వేస్తే లోకంలో మిగతా ఊర్లకు జాగా మిగల్లేదు. వెళ్లిపోయిన సగం మంది గ్రూపులోకి తిరిగొచ్చి, తామెన్నడూ అనుమానించలేదని రాశారు. నల్గొండలో నేతవాళ్లు మగ్గాలు ఆపి వచ్చి ముందు వరుసలో తలలూపారు.

ఆఖరి రోజు మహబూబ్‌నగర్‌లో ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం మొదలైంది. సాయంత్రానికి ఖాళీ చేస్తామని ఒప్పుకున్నాం, మరుసటి పొద్దున అక్కడ పెండ్లి ఉంది. అన్న ఆపితేనా. పాట మీద పాట. వెనక గిటారు వాయించే పాత బ్యాండు మనిషి ఇన్నేళ్లూ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మినవాడు, పదో పాటకు జీవితం మీద ధీమా వదిలేశాడు. డెకరేషన్ వాళ్లు నిచ్చెనలతో వచ్చి, ఆగి ఆగి, ఇక లాభం లేదని అన్న పాడుతుండగానే చుట్టూ మంటపం కట్టడం మొదలుపెట్టారు. మైకు స్టాండుకు కూడా మల్లెదండ చుట్టారు.

అప్పుడు పెండ్లికూతురు తండ్రి వచ్చాడు. తెల్ల ధోవతి, చేతిలో తాళాల గుత్తి, కొట్లాటకు తయారైన మొఖం. గడపలో నిలబడి ఒక పాట మొత్తం విన్నాడు. మొఖం మెల్లగా సడలింది. జనాన్ని తోసుకుంటూ స్టేజీ దాకా వచ్చి నా భుజం తట్టాడు.

"రేపు మాపటికి పెండ్లి ఊరేగింపు, బరాత్ ఉన్నది. గీ సారు మా బరాత్‌ల పాడుతడా? అడుగు జర."

నేను అడగక్కర్లేకపోయింది. అన్న విన్నాడు. పోస్టర్ మీద మహబూబ్‌నగర్ తర్వాత ఇంకో ఊరు లేదు. టవలుతో మెడ తుడుచుకుంటూ కిందికి వంగి, వాకిలి అవతలికి కూడా వినబడేటట్టు చెప్పాడు.

"ఏమనుకోకు పెద్దబాపూ. డేట్లు ఖాళీ లేవు. టూర్‌ల ఉన్న."